దిష్టిచుక్కకు కాపలా

మోటారుకి రంగు వేయడం పెద్ద కష్టం కాదు. వేసిన రంగుని మనుషుల చేతుల్లోంచి కాపాడుకోవడమే కష్టం. ట్రంకు రోడ్డు పక్క షెడ్లలో పనిచేసే కుర్రాళ్ళకి ఈ మాట చాలాసార్లు చెప్పి చూశాను. వాళ్ళ చేతిలో ఇప్పుడు రంగు చిమ్మే గన్ను ఉంది. పొద్దున్న కారుకి రంగు కొట్టి సాయంత్రానికి అప్పజెప్పేస్తున్నారు. ఎప్పుడైనా తీరిక దొరికితే నా దగ్గరికొచ్చి, "తాతా, మీ కాలంలో ఎలగ సేసీవోరు?" అని అడుగుతారు. నేను గొంతు సవరించుకునేలోగా బీడీ కాల్చుకొస్తామని బయటికి పోతారు. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైతే మధ్యలో ఎవరు లేచిపోయారో నాకు తెలియదు, బాధపడే పని లేదు.

నేను మద్రాసులో గుర్రపు బగ్గీలు కట్టే ఒక కార్ఖానాలో వార్నిషు పని నేర్చుకున్నాను. బగ్గీ తలుపులో చూసుకుని దొరసాని టోపీ సర్దుకోగలగాలి, అదీ అక్కడి మేస్త్రీ పెట్టిన నియమం. అంత మెరుపు రాకపోతే మళ్ళీ మొదటినుంచి రుద్దించేవాడు. పని వచ్చిందన్న నమ్మకం కుదిరాక బ్రష్షులు గుడ్డలో చుట్టుకుని టెక్కలి వచ్చేశాను. వచ్చాక తెలిసింది, టెక్కలిలో అద్దంలా మెరవవలసిన వస్తువు ఒక్కటీ లేదని. ఎడ్లబండి చక్రాలకి ఎర్ర జేగురుమన్ను పూయడం, జట్కా పక్కపలకల మీద నెమలి బొమ్మ వేయడం, ఇంతే పని. నేను వేసిన నెమలిని చూసి జట్కావాళ్ళు "కోడి బాగా కుదిరినాది" అని మెచ్చుకునేవారు. నేను వాదించేవాణ్ణి కాదు.

అప్పటికే నాకు పెళ్ళయింది. నా భార్య మాత్రం హరిశ్చంద్రపురంలో పుట్టింట్లోనే ఉంది. మా మావ, అంటే నా మేనమామే, అక్కడి స్టేషన్లో పాయింట్స్‌మన్. కాపురానికి పంపమని అడగడానికి వెళ్ళినప్పుడల్లా నన్ను పట్టాల పక్కన నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చేవాడు.

"సూడు అల్లుడూ, నాను ఈ లీవరు లాగితే బండి ఈ పట్టా మీంచి ఆ పట్టా మీదకి ఎల్తాది. అందరికీ కనబడతాది. అది ఉద్దోగం. నువ్వేటి సేత్తావు? పొద్దల్లా తుడిసి తుడిసి, సాయంత్రానికి ఇక్కడేటీ లేదు సూడండి అంటావు. దీన్ని ఉద్దోగం అంటారేటి?"

"వార్నిషు పనికి మద్రాసులో ఎంత గౌరవమో నీకు తెలీదు మావా."

"మద్రాసులో ఉంటే ఉండనీ. ఇక్కడ నెత్తి మీద ఒక కప్పు సూపించు, నెల జీతం సూపించు. పిల్లని నానే బండెక్కిస్తాను."

ఇంటి గుమ్మం వెనక నుంచి నా భార్య నవ్వు వినిపించేది. ఆ నవ్వు వాళ్ళ నాన్న మాటకో నా మొహానికో తెలియక తిరుగు ప్రయాణమంతా ఆలోచిస్తూ వచ్చేవాణ్ణి.

అలాంటి రోజుల్లో కవిటి నుంచి నాకు పిలుపు వచ్చింది. పిలిచినాయన కొబ్బరికాయల షావుకారు. ఉద్దానంలో పెద్ద పెద్ద తోటలు ఆయనవి. కలకత్తాలో ఎవరో దొర వాడి వదిలేసిన మోటారు కొన్నాడు. అది రైల్లో, టాపు లేని వ్యాగన్ మీద, పలాస దాకా వచ్చింది. దారంతా ఇంజను బొగ్గు నుసి దాని మీద పడింది. నేను చూసేసరికి అది నలుపో బూడిదో చెప్పలేని రంగులో ఉంది. పాత వార్నిషు ఎండిన చెరువు అడుగులా పగుళ్ళిచ్చింది. ఒక మడ్గార్డు మీద కాకి రెట్టల మరకలు వార్నిషుని తినేసి లోపలికి దిగిపోయాయి.

షావుకారు బండి చుట్టూ ఒకసారి తిరిగి నా ముందు నిలబడ్డాడు. మీసం దువ్వుకున్నాడు.

"ఈ బండిలో నా మీసం నాకు కనబడాల. ఇచ్చాపురపోడు ఉన్నాడే, ఆడి బండిలో ఆడి మీసం కనబడతాదంట. ఊరంతా సెప్పుకుంటన్నారు."

ఇచ్చాపురపోడు అంటే ఇచ్చాపురంలో ధాన్యం వ్యాపారి. వాళ్ళిద్దరికీ ఏ విషయంలో పడదో చెప్పడం కన్నా ఏ విషయంలో పడుతుందో చెప్పడం తేలిక, ఏ విషయంలోనూ పడదు. అతని దగ్గర పెద్ద కొత్త మోటారు ఉంది. కొన్ని వారాల్లో ఒక దొరగారు ఉద్దానం తోటలు చూడడానికి పలాసలో రైలు దిగుతున్నాడు. మోటారు పంపిస్తానని ఇద్దరూ కబురు పెట్టారు. దొర కచేరీవాళ్ళు ఇద్దర్నీ రమ్మన్నారు. దొర ఎవరి బండి ఎక్కితే వాళ్ళు గెలిచినట్టు.

"దొర నా బండెక్కితే పలాస స్టేషన్ పక్కన నీకు పెంకుల షెడ్డు ఏయించి నెల జీతానికి ఎట్టుకుంటాను. ఎక్కలేదో, టెక్కలి ఎల్లి మల్లా సెక్రాలకి జేగురు పూసుకో" అన్నాడు షావుకారు.

కప్పు, జీతం. మా మావ అడిగిన రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఆ బగ్గీ కార్ఖానా మేస్త్రీని మనసులో తలుచుకుని సరే అన్నాను.

పని చేయడానికి నాకు ఇచ్చిన చోటు కొబ్బరికాయల గోదాం. వార్నిషుకి శత్రువు దుమ్ము. ఆ గోదాం నిండా కొబ్బరిపీచు దుమ్మే. ముందు అక్కడ కాయలు ఒలిచేవాళ్ళని బయటికి పంపించాను. గోడలు కడిగించి, నేల తడిపించి, గుమ్మాలకి తడి గోనెలు వేలాడదీశాను. ఆ తర్వాత నా బట్టలు విప్పేశాను. నూలు పోగు గాలిలో ఎగిరి తడి వార్నిషు మీద పడితే మళ్ళీ రుద్దుకోవాలి కదా. గోచీ ఒక్కటే ఉంచుకున్నాను. తోటపని ఆడవాళ్ళు గోనె సందులోంచి తొంగి చూసి, "ఈ రంగులోడు మోటారు సిగ్గు కప్పడానికి తన సిగ్గు ఇప్పేసినాడే" అని నవ్వేవారు. నేను వినపడనట్టు రుద్దుతూ ఉండేవాణ్ణి.

నురగరాయి పొడి నీళ్ళలో కలిపి, ఉన్ని ముక్కతో పాత వార్నిషు అంతా సమంగా దింపాను. నల్లరంగు పూతలు వేసి, ఆరనిచ్చి, మళ్ళీ రుద్ది, దాని మీద వార్నిషు వేసి, ఆరనిచ్చి, మళ్ళీ రుద్ది, ఇలా సాగింది. ఇందులో కష్టమైనది రుద్దడం కాదు, ఆరేదాకా చేతులు కట్టుకు కూర్చోవడం. షావుకారుకి ఆ ఓపిక లేదు. ఆరిందా అని వేలు పెట్టి చూసేవాడు. ఆయన వేలు పెట్టిన చోటల్లా నేను మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. చివరికి ఆయన్ని గోదాంలోకి రానివ్వవద్దని ఆయన డ్రైవరుకే చెప్పాను.

డ్రైవరు ఇచ్చాపురం మనిషి. మంచివాడు. కోపం వస్తే ఒడియాలో తిట్టేవాడు, ఎదుటివాళ్ళకి అర్థం కాదని ధైర్యం. కవిటిలో సగం మందికి ఒడియా వచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు. వింటూ అందరూ సంతోషించేవారు. నన్ను బావా అనేవాడు, నేనూ బావా అనేవాణ్ణి.

ఆఖరి పూత ఆరి, మైనం పట్టించి, మెత్తని తోలుతో తుడిచిన రోజున బండిని వాకిట్లోకి తోయించాను. ముందుగా ఒక కోడిపుంజు వచ్చింది. తలుపులో ఇంకో పుంజు కనబడేసరికి ఈకలు నిక్కబొడుచుకుని దాని మీదకి దూకింది. దాన్ని తరిమేసరికి నాకు ఆయాసం వచ్చింది. తర్వాత డ్రైవరు మడ్గార్డు ముందు వంగి తల దువ్వుకున్నాడు. షావుకారు బానెట్ మీదకి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచి, "ఎడంపక్క మీసం కొంచెం పొట్టిగా ఉన్నాది రా. నాకు ఇంతకాలం ఎవుడూ సెప్పలేదు" అన్నాడు. ఆ మాటతో నా షెడ్డు పెంకులు నాకు కనబడ్డాయి.

అప్పుడు ఇంట్లోంచి షావుకారు తల్లి వచ్చింది.

ఆవిడని ఊళ్ళో అందరూ మామ్మ అనేవారు. తోటల లెక్కంతా ఆవిడ నోట్లోనే ఉండేది. ఏ చెట్టు ఏ ఏడు కాయ తక్కువ కాసిందో చెప్పి చెట్టునే తిట్టేది. కర్ర ఆనించుకుంటూ వచ్చి కారు తలుపు ముందు ఆగింది. తల నుంచి పాదం దాకా తనని తాను చూసుకోవడం ఆవిడకి అదే మొదలేమో, కదలకుండా నిలబడిపోయింది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ పళ్ళికిలించాను.

"ఓలమ్మో! ఇంత మెరుపేటిరా! ఊరి కళ్ళన్నీ దీని మీదే పడతాయి" అంది మామ్మ.

మర్నాడు పొద్దున్న చూస్తే బానెట్ నడిమధ్యన కాటుక చుక్క. పసిబిడ్డ బుగ్గన పెట్టినట్టు, గుండ్రంగా. కాటుకలో ఆముదం ఉంటుంది. మైనం మీద అది పాకిపోయి జిడ్డు మరక అయింది. తిట్టుకుంటూ తుడిచి మళ్ళీ మెరుగుపెట్టాను. ఆ మర్నాడు మళ్ళీ చుక్క. మళ్ళీ తుడిచాను. మా ఇద్దరికీ పోటీ మొదలైంది. ఆవిడ పెడుతుంది, నేను తుడుస్తాను. బండికి దుప్పటి కప్పాను, దుప్పటి ఎత్తి పెట్టింది. గోదాం తలుపుకి తాళం వేసి తాళంచెవి డ్రైవరు చేతికిచ్చాను. పొద్దున్న తాళం వేసినట్టే ఉంది, లోపల చుక్క ఉంది. డ్రైవరు బుగ్గలో కొబ్బరిలౌజు ఉంది.

"నువ్వేటి బావా, లౌజు ముక్కకి నన్ను అమ్మీసినావా?"

"ముక్క కాదు బావా, పళ్ళెం" అన్నాడు, ఉన్నమాట చెప్పే మనిషి కనక.

ఇలా లాభం లేదని మామ్మతోనే రాజీకి వెళ్ళాను. చుక్క వద్దని అనడం లేదనీ, ఎవరికీ కనపడకుండా మడ్గార్డు కింద పెట్టుకుందామనీ చెప్పాను. ఆవిడ నావైపు జాలిగా చూసింది.

"కళ్ళకి కనబడని కాడ ఎడితే దిష్టి ఎలగ తగుల్తాదిరా సుక్కకి? గుమ్మడికాయని గుమ్మానికి కడతావేటి, అటక మీద దాస్తావేటి?"

"మామ్మా, దొర చూస్తాడు. మరక అనుకుంటాడు."

"దొర కళ్ళు మాత్రం కళ్ళు కావేటి? ఆడిదే పెద్ద దిష్టి."

ఇంక ఒక్క పూటే కదా, దొర వచ్చేరోజు పొద్దున్నే చివరిసారి తుడిచేసి బయల్దేరిపోతే ఆవిడకి మళ్ళీ పెట్టే వ్యవధి ఉండదని లెక్క వేసుకున్నాను. మామ్మ కూడా అదే లెక్క వేసుకుందని నాకు తెలియదు.

ఆ రోజు పొద్దున్న గుడ్డ పట్టుకుని గోదాంలోకి వెళ్ళాను. చుక్క ఉంది. ఎప్పటికన్నా కొంచెం పెద్దది, కొంచెం గోధుమ జీర ఉన్న నలుపు. నవ్వుకుంటూ గుడ్డ వేసి లాగాను. రాలేదు. గట్టిగా రుద్దాను. రాలేదు. గుడ్డని టర్పెంటైన్‌లో తడిపి అద్దాను. చుక్క అలాగే ఉంది, దాని చుట్టూ నా వార్నిషు ముడతలు పడింది.

బయట అరుగు మీద మామ్మ బొటనవేలు కొబ్బరినూనె గిన్నెలో ముంచి కూర్చుంది.

"తుడు బాబూ, తుడు. సూద్దాం" అంది.

అది జీడినూనె. జీడిపిక్కల తొక్కల్లోంచి వచ్చే నల్లటి నూనె. చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. తీరం మీద మత్స్యకారులు దాన్ని కాచి పడవ చెక్కలకి పూస్తారు. మామ్మ ఒక పడవాయనకి కబురు పంపి చిప్పెడు తెప్పించుకుని, దాంట్లో మసి రంగరించి, బొటనవేలితో నా బానెట్ మీద అద్దేసింది. వేలు కాలినా కిమ్మనలేదు.

"ఉప్పుగాలికే పోనిది నీ గుడ్డకి పోద్దేటి?" అంది.

షావుకారు వచ్చి చూశాడు. ఆయన మొహం మొదట ఎర్రబడింది, తల్లి మొహం చూశాక చల్లబడింది. "అమ్మా, ఏటి సేసీసినావే ఇది?" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో.

"నీకు ఎట్టలేదేటి సిన్నప్పుడు? బతికి బట్టకట్టినావు కాదా?"

తల్లిని ఏమీ అనలేక నావైపు తిరిగాడు. దాన్ని పోగొట్టాలంటే ఎంతసేపు పడుతుందని అడిగాడు. అడుగుదాకా దింపి, మళ్ళీ పూతలు వేసి ఆరనివ్వాలి, రోజులు పడుతుందని చెప్పాను. రైలు మధ్యాహ్నానికి పలాస వస్తుంది. "పద" అన్నాడు. ఆ మాటలో జేగురు వాసన వేసింది నాకు.

పలాస దాకా నేను ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్ళాను, చేతిలో తోలుగుడ్డ. దారిలో ఎక్కడ బండి ఆగినా దిగి దుమ్ము తీసేవాణ్ణి, చుక్క వైపు చూడకుండా. స్టేషన్ ముందు ఇచ్చాపురం వ్యాపారి మోటారు అప్పటికే నిలబడి ఉంది. మా దానికన్నా మూరెడు పొడుగు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. దాని యజమాని మా బానెట్ చూసి మీసం కింద నవ్వుకున్నాడు. షావుకారు తన మీసం దువ్వుకోవడం మానేశాడు.

ఇంతలో ఎవరో నా భుజం తట్టారు. మా మావ! నా ఉద్యోగం ఎలాంటిదో తన కళ్ళతో చూద్దామని గూడ్సుబండి గార్డు పెట్టెలో కూర్చుని వచ్చేశాడు. కారు చూశాడు, తలాడించాడు. తర్వాత చుక్క చూశాడు.

"ఇది తుడవడం మరిసిపోనావేటి అల్లుడూ?" అన్నాడు.

ఆ క్షణాన రైలు రాకుండా ఎక్కడైనా ఆగిపోతే బాగుండునని ఎంత కోరుకున్నానో. అది మాత్రం వేళకే వచ్చింది.

దొర పొడుగ్గా, ఎర్రగా, చెమటలు కక్కుతూ దిగాడు. వెంట తాలూకా కచేరీ గుమస్తా, ఆయన మాటలు ఈయన తెలుగు చేయాలి. దొర రెండు మోటార్ల మధ్య నిలబడి అటూ ఇటూ చూశాడు. మా బండి దగ్గరికొచ్చి తలుపులో టోపీ సర్దుకున్నాడు. నా మద్రాసు మేస్త్రీ గుర్తొచ్చి గుండె ఒక్కసారి పైకి లేచింది. అంతలో ఆయన వేలు చుక్క మీద పెట్టి ఇదేమిటని అడిగాడు. గుమస్తా దిష్టి సంగతి ఏదో చెప్పాడు. దొర పెద్దగా నవ్వి, నేరుగా వెళ్ళి ఇచ్చాపురం బండిలో కూర్చున్నాడు.

అయిపోయింది. షావుకారు నావైపు చూడకుండానే, "రేపట్నుంచి సెక్రాలు సూసుకో" అన్నాడు. మా మావ నా చేతిలో తోలుగుడ్డ వైపు చూసి తల తిప్పుకున్నాడు. అదింకా బాధ. తిరుగు బండి దొరికేదాకా ఏం చేస్తాడు, తానూ ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. షావుకారు అభ్యంతరం చెప్పే స్థితిలో లేడు.

ఇచ్చాపురం బండి ముందు, మాది దాని దుమ్ములో వెనక. నా మెరుపంతా నా కళ్ళముందే మట్టి కప్పుకుంటోంది. తోలుగుడ్డ నడుముకి దోపేసుకున్నాను, ఇంక తుడిచేదెందుకని. తోటలు మొదలైన చోట ఇసక మొదలైంది. ఉద్దానం ఇసక మీకు తెలుసు కదా, పైకి గట్టిగా కనబడి కాలు పెడితే పిక్కదాకా మింగుతుంది. ఇసక అంచున మా డ్రైవరు బండి ఆపేశాడు. దిగి, టైర్లలో గాలి కొంచెం కొంచెం తీశాడు. రాలిపడ్డ కొబ్బరిమట్టలు ఏరుకొచ్చి చక్రాల ముందు పరిచాడు. ఎందుకు బావా ఇదంతా, మనల్ని చూసేదెవరు అన్నాను. "సూడు బావా, సూడు" అన్నాడు ముందుకి చెయ్యి చూపిస్తూ.

ముందుబండి ఇరుసుదాకా దిగిపోయి ఉంది. అంత బరువు బండిని అంత ఇసకలోకి అంత జోరుగా తోలితే మరేమవుతుంది? దాని డ్రైవరు ఇంజను రేపినకొద్దీ ఇంకా దిగుతోంది. వెనక చక్రాలు చిమ్మిన ఇసక దాని యజమాని పట్టు ఉత్తరీయం మీద పడుతోంది. దొర దిగి టోపీతో విసురుకుంటున్నాడు. మా బండి మట్టల మీంచి మెల్లగా, ఊగుతూ, ఆగకుండా వెళ్ళి ఆయన పక్కన ఆగింది.

షావుకారు దూకి చేతులు జోడించాడు. "దొరా, దయసేయండి, మా బండెక్కండి!"

గుమస్తా ఇంగ్లీషు చేయనక్కర్లేకపోయింది. దొర అప్పటికే ఎక్కేశాడు. మా మావ ఫుట్‌బోర్డు మీదకి మారి నా పక్కన వేలాడాడు. తోటలన్నీ అలాగే తిరిగాం. చివర కొబ్బరిబొండాల పందిరి దగ్గర దొర దిగుతూ చుక్కని రెండు వేళ్ళతో తట్టి ఏదో అన్నాడు.

"దొరగారికి ఇప్పుడు నమ్మకం కుదిరిందట" అన్నాడు గుమస్తా.

అంతే. అక్కడున్న జనమంతా ఒకటే మాట. సుక్క ఉన్న బండి దాటేసినాది, సుక్క లేని బండి దిగబడిపోనాది! ఆడవాళ్ళు వచ్చి చుక్కకి దండాలు పెట్టారు. షావుకారు తానే కండువా తీసి చుక్క చుట్టూ దుమ్ము దులిపాడు. డ్రైవరు తట్టుకోలేకపోయాడు. "గాలి తీసింది నాను! మట్టలేసింది నాను! సుక్కకి దండాలేటి?" అని అరిచి, మిగతాది ఒడియాలో పూర్తిచేశాడు. జనం విరగబడి నవ్వారు. ఒక ముసలాయన అతనికి ఒడియాలోనే జవాబు చెప్పేసరికి అతని నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తాను ఎవరెవర్ని ఏమేమి తిట్టాడో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నట్టు కనిపించాడు.

షావుకారు మాట తప్పలేదు. పలాసలో పెంకుల షెడ్డు లేచింది. కాని నాకు ఉద్యోగం ఇస్తూ ఆయన చెప్పిన మాట ఇది: "రంగు సంగతి తరవాత. ముందు ఆ సుక్క సెదరకుండా సూసుకో." వారాల తరబడి గోచీ కట్టుకుని నేను తెచ్చిన మెరుపుకి కాదు, ఒక్క పొద్దున ముసలావిడ బొటనవేలు పెట్టిన మరకకి నన్ను కాపలా పెట్టారు. చాలా ఒళ్ళు మండింది. మా మావకి మాత్రం అప్పుడే నా ఉద్యోగం అర్థమైంది.

"తుడవడం అనుకున్నాను గానీ అల్లుడూ, దిష్టి కాయడం అని ముందే సెప్పొచ్చు గదా. అది పెద్ద ఉద్దోగమే" అన్నాడు. వారం తిరక్కుండా కూతుర్ని తానే రైలెక్కించి తీసుకొచ్చాడు. నా భార్య షెడ్డులోకి వచ్చి కారు చుట్టూ తిరిగింది. చుక్క దగ్గర ఆగి, "మొత్తంలో ఇదే బాగున్నాది" అని నవ్వింది. ఆ నవ్వు ఎవరి మీదో ఈసారి సందేహం లేకపోయింది.

కొన్నాళ్ళకి ఇచ్చాపురం వ్యాపారి మనిషిని పంపించాడు. తమ బండికీ అలాంటి చుక్కే, ఆ మామ్మ చేత్తోనే పెట్టించాలని. కబురు తీసుకుని మామ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వేలికి చర్మం ఇంకా పూర్తిగా రాలేదు.

"దిష్టి ఎవుడిదనుకున్నావురా? ఆడిదే! ఆడి బండికి నానెట్టడమేటి?" అంది.

నేను లేచి వచ్చేస్తుంటే కర్రతో నా కాలు ఆపింది.

"ఒరే రంగులోడా, నా మీద కోపం ఒగ్గలేదేటి నువ్వు?"

నేను చేతిలో తోలుగుడ్డ మడతపెట్టుకుంటూ నిలబడ్డాను.

"నీ మెరుపు సూసి నాకు గుండె జల్లుమన్నాదిరా. అంత బాగున్నాది. బాగున్నాది గనకే బెంగెట్టుకున్నాను. బాగోలేనిదానికి ఎవుడైనా సుక్క ఎడతాడేటి?"

మద్రాసులో గాని, టెక్కలిలో గాని, ఆ తర్వాత నా ఉద్యోగమంతటిలో గాని, నా పనిని అంత గొప్పగా మెచ్చుకున్నవాళ్ళు లేరు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూడకుండా తోలుగుడ్డతో తుడుచుకున్నాను. దాని మీద మైనం ఉన్న సంగతి మరిచిపోయాను. రెండు రోజులు కళ్ళు మండాయి.

ఇచ్చాపురం బండికి నేనే మసి, వార్నిషు కలిపి ఒక చుక్క పెట్టిచ్చాను. అది చూసి పలాసలో, సోంపేటలో మోటారున్న ప్రతివాళ్ళూ పెట్టించుకున్నారు. నేను పెట్టినవి గుండ్రంగా, అందంగా ఉండేవి. ఏడాది తిరిగేసరికి ఉప్పుగాలికి వెలిసిపోయేవి, మళ్ళీ వచ్చేవారు. షావుకారు బండి చుక్క మాత్రం అలాగే ఉండేది. ఏటేటా ఆ బండికి కొత్త వార్నిషు వేసేటప్పుడు ఆ చుక్కని వదిలేసి చుట్టూ వేసేవాణ్ణి. నా పూత ఒక్కటీ దాని మీద పడనివ్వలేదు, యజమాని ఆజ్ఞ.

మామ్మ పోయింది, షావుకారు పోయాడు, బండి ఏ చేతులు మారిందో నాకు తెలియదు. నేనూ షెడ్డు వదిలేసి ఇంటిపట్టున ఉంటున్నాను. ఈమధ్య పాత డ్రైవరు బావ కర్ర పట్టుకుని వచ్చి, ఆ బండి కవిటిలో ఒక తోటలో పడి ఉందని చెప్పాడు. ఇద్దరం వెళ్ళాం. చక్రాలు లేవు. సీటు ఉన్నచోట కోడి పొదిగింది. నేను వేసిన పూతలన్నీ, ఏళ్ళ తరబడి గోచీ కట్టుకుని, ఊపిరి బిగబట్టి వేసినవన్నీ, సముద్రపు గాలి ఒలిచేసింది. తలుపు పట్టుకుంటే తుప్పు పొట్టులా చేతికి వచ్చింది. బానెట్ రేకు జల్లెడ అయిపోయింది.

నడిమధ్యన మాత్రం చుక్క ఉంది. దాని కింద రేకు చెక్కుచెదరలేదు. నల్లగా, గట్టిగా ఉంది. దగ్గరికి వంగి చూస్తే బొటనవేలి గీతలు కూడా తెలుస్తున్నాయి.

డ్రైవరు బావ ఏమీ అనలేదు, ఒడియాలో కూడా. నేను భుజం మీద తువ్వాలు తీసి, ఒక కొస నాలిక మీద తడి చేసుకుని, దాన్ని గట్టిగా రుద్దాను.

పోలేదు మామ్మా.